చీటీలో వచ్చిన పక్షం

మనానా కోబాలియాకి రావలసిన తోటకి అడ్డుపడింది నేనే. ఈ ముక్క ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం సులువు.

నా పేరు రోస్విత కెస్ట్నర్. జర్మనీలో కాసెల్ అనే ఊళ్లో ఒక సాయంకాలపు బడిలో, బయటి దేశాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లకి జర్మన్ నేర్పుతాను. ఓనమాలు కాదు. రొట్టె కొనడం, డాక్టరు దగ్గర టైము తీసుకోవడం, కారుతున్న కుళాయి గురించి ఇంటి ఓనరుతో పోట్లాడటం వచ్చేసినవాళ్లే నా గదిలోకి వస్తారు. నా పని వాళ్లకి వాదించడం నేర్పడం. ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి తొమ్మిదిమంది గుండ్రంగా కూర్చుంటారు. పెన్షను వయసు పెంచాలా, ఊరి నడిబొడ్డున కార్లు నిషేధించాలా, బడిపిల్లల చేతుల్లోంచి ఫోన్లు లాక్కోవాలా అని గంటన్నర కొట్టుకుంటారు. ఆ కొట్టుకోవడం మర్యాదగా జరగాలి. “మీ అభిప్రాయాన్ని గౌరవిస్తూనే ఒక్క మాట మనవి చేస్తాను” అని మొదలుపెట్టి, అవతలివాడి పరువు పూర్తిగా తీసి, “ఏమైనా ఇది లోతుగా ఆలోచించవలసిన విషయం” అని ముగించగలిగితే పైతరగతి జర్మన్ వచ్చినట్టే. ఇక్కడ పుట్టినవాళ్లందరికీ ఇది వచ్చనుకోకండి. నేను ఇరవై ఆరేళ్లు కాపురం చేశాను, నాకు తెలుసు.

నా క్లాసులో రెండు నియమాలున్నాయి. మొదటిది, ఎవరికీ సొంత అభిప్రాయం ఉండకూడదు. క్రిస్మస్ బిస్కెట్లు వచ్చిన ఒక రేకు డబ్బాలో చీటీలు వేస్తాను. చీటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షమే వాదించాలి. సొంత అభిప్రాయం చెప్పమంటే మనిషి పాత మాటలతోనే సరిపెట్టుకుంటాడు. పరాయి అభిప్రాయం మోయాలంటే కొత్త మాటలు వెతుక్కోక తప్పదు. రెండో నియమం, వచ్చిన పక్షాన్ని మళ్లీ గురువారం దాకా వదలకూడదు. రొట్టెల కొట్లోనైనా, ట్రాములోనైనా, ఆఫీసులోనైనా, ఎవరడిగినా అదే మాట. ఈ రెండో నియమం కనిపెట్టినందుకు నాకు నేనే చాలా ఏళ్లు భుజం తట్టుకున్నాను.

మా ఓస్వాల్దో ఉన్నాడు, చిలీవాడు, సిటీ బస్సు నడుపుతాడు. ఒకసారి అతనికి “మాంసం అమ్మకం ఆపేయాలి” అన్న చీటీ వచ్చింది. వారం రోజులు డిపో క్యాంటీన్లో సాసేజి ముట్టకుండా, పక్కవాళ్ల పళ్లేలవైపు చూసి ఉపన్యాసాలిచ్చాడు. మళ్లీ గురువారానికి రెండు కిలోలు తగ్గి వచ్చాడు, స్నేహితులు కూడా కాస్త తగ్గారు. అయినా వాదన మాత్రం అద్భుతంగా చేశాడు.

ఇక మనానా. జార్జియా నుంచి వచ్చింది, నలభై మూడేళ్లు, కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పని. నియమం అంటే ఆవిడకి నియమమే. బండి కాదు కదా, పిల్లి కూడా లేని రోడ్డు మీద ఎర్రలైటు పడితే, పుట్టి పెరిగిన మేం అటూ ఇటూ చూసి దాటేస్తాం. ఆవిడ నిలబడుతుంది. హోంవర్కు ఒక పేజీ రాయమంటే సరిగ్గా ఒక పేజీ రాస్తుంది. వాక్యం మధ్యలో పేజీ అయిపోతే అక్కడే ఆపేసి, “మీరు పేజీ అన్నారు కదండీ” అంటుంది.

ఆవిడ నాలుగో అంతస్తు బాల్కనీలో బకెట్టులో ప్లమ్ జాతి పుల్లరేగు మొక్క ఒకటుంది. వాళ్ల దేశంలో ఆ కాయలతో పచ్చడి చేసుకుంటారట, అది లేకపోతే అన్నం తిన్నట్టు ఉండదట. ఒకసారి చూడటానికి వచ్చిన పిన్ని కోటు జేబులో దొరికిన గింజ అది. మనానా దాన్ని మొలకెత్తించింది. నాలుగేళ్లలో మొక్క ఆవిడ భుజాల దాకా పెరిగింది, వేళ్లు బకెట్టు అడుగు చీల్చుకుని బయటికొచ్చాయి. ఈ చలికాలం లోపు నేలలో నాటకపోతే బతకదని నర్సరీ వాళ్లు తేల్చేశారు. అందుకే ఆవిడకి తోట కావాలి. ఊరి చివర, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి తలా ఒక ముక్క అద్దెకిచ్చే తోటల సంఘం ఒకటుంది. ముక్కకొక గుడిసె, చుట్టూ కంచె, కంచె ఎత్తుకి కొలత, ఆ కొలతకి ఒక కమిటీ. నాలుగేళ్లుగా ఆ సంఘం జాబితాలో ఆవిడ పేరుంది. ఆ ఆగస్టుకి పేరు పైకెక్కి మొదటికొచ్చింది. ముప్పై ఒకటో నంబరు ముక్క ఖాళీ అయింది. శనివారం వచ్చి చూసుకోమని సంఘం అధ్యక్షుడు బ్రుంకె గారు కబురుపెట్టారు.

ఆ శనివారానికి ముందు గురువారం నేనిచ్చిన అంశం “ఇళ్ల కొరత: ఊరి తోటల స్థలాల్లో అపార్ట్‌మెంట్లు కట్టాలా?” ఆ వారం పేపర్ల నిండా అదే గొడవ. మున్సిపాలిటీ వాళ్లు ఆ తోటలమీదే కన్నేశారని వార్త. మనానా సంగతి నాకు తెలిసి కూడా తట్టలేదు. ఆవిడ డబ్బాలో చెయ్యిపెట్టి, చీటీ విప్పి, నావైపు చూసింది.

“టీచర్ గారూ, ‘కట్టాలి’ అని వచ్చింది. మార్చుకోవచ్చా?”

“చీటీ చీటీయేనండీ” అన్నాను, కాస్త గొప్పగానే.

“పోన్లెండి మేడం, నేను తీసుకుంటా” అన్నాడు ఓస్వాల్దో. “నాకు తోటా లేదు, ఇల్లూ లేదు. ఎటైనా వాదిస్తాను.”

“నియమం నియమమే” అంది మనానా. అని, గొంతు సవరించుకుని, ఈ గదిలో నేను పదేళ్లలో వినని వాదన చేసింది. ఎవరో ఒకరి క్యారెట్ల కోసం వందమందిని వీధిన నిలబెట్టడం న్యాయమా అని అడిగింది. ఆదివారం మధ్యాహ్నం పడక కుర్చీలో కునుకు తీసే హక్కు గొప్పదా, నెత్తిమీద కప్పు గొప్పదా అని నిలదీసింది. నేను చప్పట్లు కొట్టాను. నిజంగా కొట్టాను.

సోమవారం మధ్యాహ్నం మనానా బడికొచ్చింది. క్లాసు లేని రోజు ఆవిడ రావడం అదే మొదటిసారి. మడిచిన ఉత్తరం బల్లమీద పెట్టింది. సంఘం ఆశయాలతో మౌలికంగా విభేదించే వ్యక్తి దరఖాస్తును పక్కన పెడుతున్నామని అందులో ఉంది. కింద విల్‌ఫ్రీడ్ బ్రుంకె సంతకం, పెన్ను కాగితానికి చిల్లుపడేలా నొక్కిన సంతకం.

“ఏం జరిగిందండీ?”

“అన్నీ బాగానే జరిగాయి. మట్టి పిడికిట్లోకి తీసుకుని చూశాను. మంచి మట్టి. చెట్టు ఎక్కడ పెట్టాలో కూడా ఆయనే చూపించారు. ఆఖర్న గేటు దగ్గర అడిగారు, ‘మున్సిపాలిటీ వాళ్లు ఇక్కడ ఇళ్లు కడతామంటున్నారు, మీరేమంటారు?’ అని.”

“మీరేమన్నారు?”

“ఆవేళ శనివారం కదండీ.”

“అయితే?”

“గురువారం దాకా నా పక్షం అదేగా.”

“ఎంతసేపు మాట్లాడారు?”

“పదకొండు నిమిషాలు. ముగింపు కూడా చెప్పాను. ‘ఏమైనా ఇది లోతుగా ఆలోచించవలసిన విషయం’ అన్నాను. ఆయన గేటు వేసేశారు.” ఆవిడ ఉత్తరాన్ని మళ్లీ పాత మడతల మీదే మడిచింది. “ఉపవాక్యాలు ఒక్కటి కూడా తప్పు పోలేదు టీచర్ గారూ.”

నాకు సిగ్గేసింది. సొంత నష్టం వచ్చినా నా రెండో నియమం తప్పనివాళ్లు ఈ ఊళ్లో ఒకే ఒక్కరు, ఆవిడకే నేను గొయ్యి తవ్వాను.

బుధవారం మేమిద్దరం రేగుపళ్ల కేకు పట్టుకుని బ్రుంకె గారింటికి వెళ్లాం. ముందే ఫోన్ చేసి, నాలుగింటికి వస్తామని చెప్పి, నాలుగింటికే వెళ్లాం. డెబ్బై ఆరేళ్ల మనిషి, ముప్పై ఎనిమిదేళ్లు ట్రాం నడిపి రిటైరయ్యాడు, ఇరవై రెండేళ్లుగా సంఘానికి అధ్యక్షుడు. తలుపు తీసి, కేకువైపు చూసి, మావైపు చూసి, కేకు కోసం లోపలికి రానిచ్చాడు.

ఇల్లు రెండు గదులు. నడవాలో పిల్లలబండి అడ్డం. ముందుగదిలో సోఫా మంచంగా పరిచి ఉంది, దండెం నిండా వేలెడంత మేజోళ్లు. ఒక చిన్నపిల్ల సోఫా పట్టుకుని నిలబడి మమ్మల్ని చూస్తోంది.

“మనవరాలి కూతురు, ఫ్రీడా” అన్నాడాయన. “మనవరాలు డ్యూటీకెళ్లింది. తాత్కాలికంగా ఇక్కడుంటున్నారు.”

“ఎన్నాళ్లుగా?” అన్నాను.

“పద్నాలుగు నెలలు. తాత్కాలికంగా.” ఆ మాట మీద ఇంకేమీ అడగొద్దన్నట్టు కేకు కోశాడు.

నేను మొదలుపెట్టాను. చీటీలు, డబ్బా, నియమాలు, అన్నీ. ఆయన చివరిదాకా విని ప్లేటు పక్కన పెట్టాడు.

“నా చెవులు బాగానే పనిచేస్తాయమ్మా. ఆవిడ ఏమందో విన్నాను. మా వాళ్లందర్నీ సోమరిపోతులంది.”

“అది ఆవిడ అభిప్రాయం కాదండీ, అభ్యాసం.”

“అభిప్రాయం లేకుండా పదకొండు నిమిషాలు ఎవరు మాట్లాడతారు? నేను ముప్పై ఎనిమిదేళ్లు ట్రాం నడిపాను. ఎడమకి వెళ్లాలనుకుంటూ ఏనాడూ కుడికి తిప్పలేదు.”

“ట్రాముకి పట్టాలుంటాయి కదండీ” అంది మనానా మెల్లగా. “మీరు తిప్పేదేముంది?”

నేను కళ్లు మూసుకున్నాను. ఆయన కోపంతో ఏదో అనబోయాడు, పై పళ్ల సెట్టు టక్కుమని జారింది. నాలుకతో నొక్కి సర్దుకున్నాడు.

“వదులైంది” అంది మనానా. “చిగుళ్లు కుంచించుకుపోయి ఉంటాయి. ల్యాబుకి తెస్తే అరగంటలో సరిచేస్తాను.”

“నా పళ్ల గొడవ మీకెందుకు?”

“వినపడుతోంది కదండీ మరి.”

ఇంతలో ఫ్రీడా సోఫా వదిలింది. ఒకటి, రెండు, మూడు అడుగులు వేసింది. ఎదురుగా కుట్టుమిషను. దాన్ని పట్టుకుని తిరిగింది. మళ్లీ మూడడుగులేసి సోఫా చేరింది. మళ్లీ తిరిగింది. ముగ్గురం మాటలాపేసి చూశాం. బ్రుంకె గారు పిల్లనే చూస్తూ ఏదో లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిపాడు. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. మంచిదని చెప్పలేను.

“రేపు మా క్లాసుకి రండి” అన్నాను. “మేం ఆడేది ఆటో కాదో మీ కళ్లతోనే చూడండి. చూశాక కూడా దరఖాస్తు చింపెయ్యాలనిపిస్తే అక్కడే చింపెయ్యండి.”

గురువారం ఆరింటికి రెండు నిమిషాల ముందే వచ్చాడు, చంకలో ఫైలుతో, ఇస్త్రీ చొక్కాతో. ఓస్వాల్దోకి ఆయనెవరో తెలియగానే ప్రాణం లేచొచ్చింది.

“ట్రాం డ్రైవరా! మీవాళ్ల వెనక ఇరుక్కుని నా సగం జీవితం పోయిందండీ.”

“పట్టాలమీదికి బస్సులు ఎందుకొస్తాయి?” అన్నాడు బ్రుంకె గారు. దాంతో ఆయనకి క్లాసులో చోటు దొరికినట్టయింది.

నేను బోర్డుమీద పోయిన వారం అంశమే మళ్లీ రాశాను. “ఇవాళ వాదన మనానా గారికీ మీకూ మధ్యే. ఈ గడప దాటి వచ్చినవాళ్లెవరైనా చీటీ తీయాల్సిందే” అని డబ్బా ఆయన ముందుకి జరిపాను. ఇక్కడ ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆ డబ్బాలో రెండే చీటీలు వేశాను. రెండిట్లోనూ “కట్టాలి” అనే రాశాను.

ఆయన చీటీ విప్పి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“మిగిలింది మీది మనానా గారూ, విప్పక్కర్లేదు” అన్నాను తొందరగా. “తోటల పక్షం.”

ఆవిడ ముఖం వెలిగింది. ఈసారి తన మనసులో ఉన్నదే వాదించవచ్చు. తోటలు పోతే వేసవిలో ఊరు పెనంలా కాలిపోతుందంది. ముసలివాళ్లకి మందుల కన్నా కంచె అవతల పలకరించే మనిషి ముఖ్యమంది. ఖాళీగా పడున్న ఆఫీసు భవనాలు వదిలేసి మొక్కల మీద పడటం ఏం తెలివంది. బ్రుంకె గారు ప్రతి మాటకీ తలూపుతూనే ఉన్నాడు.

“మీరు తలూపకూడదండీ” అన్నాను. “మీరు అవతలి పక్షం.”

ఆయన లేచి నిలబడ్డాడు. “ఇళ్లు కావాలి” అన్నాడు. చాలాసేపు ఆగాడు. “అని అంటున్నారు.”

“బండి స్టాపు దాటలేదండీ” అన్నాడు ఓస్వాల్దో. “కరెంటు పోయిందా?”

అందరూ నవ్వారు. మనానా నవ్వలేదు, వాదన ఊపులో ఉంది. “మీ అభిప్రాయాన్ని గౌరవిస్తూనే ఒక్క మాట” అంది. “ఇల్లు కావాలనేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. నేను తోట కోసం నాలుగేళ్లు ఓపిక పట్టాను.”

“ఓపికా?” అన్నాడాయన. పళ్లు టక్కుమన్నాయి. సర్దుకోలేదు. “ఓపిక మనకి, పెద్దవాళ్లకి. మా ఇంట్లో పదమూడు నెలల పిల్ల ఉంది. మీరు చూశారుగా. మూడడుగులు వేస్తుంది, కుట్టుమిషను వస్తుంది, తిరుగుతుంది. మళ్లీ మూడడుగులు. డిపోలో ట్రాం తిరగడానికైనా అంతకన్నా చోటుంటుంది. దాని తల్లి అరవై రెండు ఇళ్లు చూసింది. అరవై రెండు! ఒక్కో ఇంటికి మెట్లమీద వీధిదాకా వరస. ‘చంటిపిల్ల ఉందా?’ అని అడుగుతారు. ఉందంటుంది. ఇక ఫోన్ రాదు. మనవరాలు సోఫామీద పడుకుని ఏడవకుండా ఫోన్ చూసుకుంటుంది, నేను పక్కగదిలో నిద్రపోయినట్టు పడుకుంటాను. శనివారం లేచి వెళ్లి నాలుగువందల చదరపు మీటర్ల నేలలో ఉల్లిపాయలకి నీళ్లు పోస్తాను. ఉల్లిపాయలకి! అవి బాగా ఊరాయి ఈ ఏడు. పెద్దపెద్దవి. ఒక్కో పాదు మధ్య ఇంత చోటు వదిలాను, ఇరుగ్గా ఉంటే పెరగవని.”

ఆయన వాక్యాల్లో మేం నేర్పే మర్యాద మాట ఒక్కటీ లేదు. నేను దిద్దాల్సింది కూడా ఒక్కటీ లేదు.

మనానా ఎదురు చెప్పాలి, తన వంతు. ఆవిడ చెయ్యి చాచి డబ్బా మూత పెట్టేసింది. బ్రుంకె గారు చీటీ మడిచి చొక్కాజేబులో పెట్టుకున్నాడు. ఫైలు తెరిచి దరఖాస్తు బయటికి తీశాడు. చింపుతాడనుకున్నాను.

“ముప్పై ఒకటో నంబరు మీదే” అన్నాడు మనానాతో. “సెప్టెంబరులో సర్వసభ్య సమావేశం ఉంది. అక్కడ సంతకం పెడదాం.”

ఆవిడ ఏడ్చింది. ఓస్వాల్దో ఆవిడకి రుమాలిచ్చి, ఆయనకి చెయ్యిచ్చాడు. నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను, నా మోసం ఫలించిందని. ఎంత తెలివితక్కువదాన్నో మూడు వారాల్లో తెలిసింది.

సమావేశం శనివారం మధ్యాహ్నం సంఘం హాల్లో జరిగింది. బంగాళాదుంపల సలాడు, సాసేజీలు, నూటపది మంది. మనానా వెనక వరసలో, ఇంకా సభ్యురాలు కాదు గనక. ఆవిడ పక్కన నేను. పెన్ను కొత్తది కొనుక్కుని తెచ్చుకుంది. అధ్యక్షుడు లేచి మున్సిపాలిటీని దుమ్మెత్తిపోస్తాడని అందరూ సిద్ధంగా ఉన్నారు. చప్పట్లకి చేతులు కూడా తుడుచుకున్నారు.

“వాళ్లు మొత్తం అడుగుతున్నారు” అన్నాడు బ్రుంకె గారు. “మొత్తం ఇవ్వం. కానీ ట్రాం లైను పక్కన కింది వరస ఉంది. మన కార్లు పెట్టుకునే చోటు, బంతాట షెడ్డు, ఈ వేసవిలో ఖాళీ అయిన ఆరు ముక్కలు. అక్కడ నలభై ఇళ్లు పడతాయి. అది మనమే ఇద్దాం.”

హాలు హోరెత్తింది. బంతాట వాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో “అమ్ముడుపోయావా విల్‌ఫ్రీడ్?” అని అరిచారు. ఆయన బల్లమీద కొట్టి నిశ్శబ్దం తెచ్చాడు.

“ఇంకొకటి చెప్పాలి. ఆ ఆరిట్లో ముప్పై ఒకటో నంబరుంది. అది నేను ఒకావిడకి మాటిచ్చిన ముక్క. ఇవాళ సంతకం చేయాల్సింది. వెనక కూర్చున్నారు. ఓటు వేసేముందు ఆవిడ మాట వినడం న్యాయం.”

నూటపది తలలు వెనక్కి తిరిగాయి. మనానా లేచింది. ఏం చెయ్యగలదో నాకు తెలుసు. ఆ హాలుని పదకొండు నిమిషాల్లో తనవైపు తిప్పేసుకోగలదు. ఆ మాటలన్నీ నేనే నేర్పాను.

“ఈ వారం నాకు చీటీ రాలేదు” అంది. ఎవరికీ అర్థం కాలేదు. మా ఇద్దరికీ, బ్రుంకె గారికీ అర్థమైంది. “కాబట్టి నా మాటే చెప్తాను. నాకు తోట కావాలి. చాలా కావాలి. నా చెట్టు ఈ చలికి చచ్చిపోతుంది.” బ్రుంకె గారివైపు చూసింది. “నేను ఆ పాపని చూశాను. మీరు ఓటు వెయ్యండి.”

కూర్చుంది. అంతే. నా క్లాసులో చేరి నెల తిరగనివాళ్లు కూడా అంతకన్నా పెద్ద వాక్యాలు చెప్తారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఈసారి చప్పట్లు కొట్టడానికి నా చేతులు రాలేదు.

అరవై ఒకటికి నలభై ఎనిమిది ఓట్లతో కింది వరస పోయింది. ఒకాయన ఓటెయ్యకుండా సాసేజి తింటూ కూర్చున్నాడు. బంతాట వాళ్లు ఇప్పటికీ బ్రుంకె గారిని చూస్తే రోడ్డు దాటి అవతలికి పోతారు, ఎర్రలైటున్నా సరే.

మనానా కొత్త పెన్ను సంచీలో పెట్టుకుని గేటుదాకా వెళ్లింది. వెనకనుంచి పిలుపు వినపడింది.

“ఆ బకెట్టు ఎక్కడుంది?”

“బాల్కనీలోనే.”

“రేపు తీసుకురండి. కాదు, రేపు ఆదివారం, తోటల్లో పని నిషేధం, తవ్వితే నా మీద నేనే ఫిర్యాదు రాసుకోవాలి. సోమవారం తెండి. ఏడో నంబరు ముక్క.”

“ఏడో నంబరు మీది కదండీ.”

“సగం చాలు నాకు. మోకాళ్లు అంతవరకే వంగుతున్నాయి.”

“నిబంధనలు ఒప్పుకుంటాయా?”

“ఒప్పందంలో రెండు పేర్లు ఉండొచ్చు. నాలుగో పేజీ. రాసింది నేనే.” ఆయన కాసేపు బూట్లవైపు చూసుకున్నాడు. “ఇంకోటి. ఒకే తోటలో మీరూ మీరూ అనుకుంటే పని జరగదు. నువ్వు అను. నా పేరు విల్‌ఫ్రీడ్.”

మా ఊళ్లో డెబ్బై ఆరేళ్ల మనిషి ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. మనానా చేతులు కట్టుకుని ఆలోచించింది. “ఆ ప్రతిపాదనకి అనుకూలంగా చెప్పాలంటే” అని మొదలుపెట్టింది.

“అమ్మా తల్లీ, ఊ అను, చాలు.”

“ఊ” అంది.

ఇది జరిగి ఏడు నెలలైంది. ఇళ్లు ఇంకా లేవలేదు. కింది వరసలో గడ్డిమధ్య నాలుగు ఎర్ర కర్రలు పాతారు, అంతే. స్వెన్యా, అంటే ఆ మనవరాలు, ఇంకా సోఫామీదే పడుకుంటోంది. మొన్న ఏప్రిల్లో నేను ఏడో నంబరుకి వెళ్లాను, తప్పు ఒప్పుకుందామని. రేగుచెట్టు ఆయన ఉల్లిపాయల మడి ఉన్నచోట నిలబడి ఉంది, కొమ్మల నిండా తెల్లపూలు. ఆ చెట్టు నాలుగు మీటర్లు దాటితే కొట్టేయాలని ఆయన, దాటేదాకా ఆగితే కదా అని ఆవిడ, కంచె అవతలికి కూడా వినపడేలా వాదించుకుంటున్నారు. ఆయన పళ్లు టక్కుమనడం లేదు.

“విల్‌ఫ్రీడ్ గారూ, ఆవేళ ఆ డబ్బాలో రెండు చీటీలూ ఒకటే” అన్నాను.

“తెలుసు” అన్నాడు, పార దించకుండా. “మీరు బోర్డుమీద రాస్తున్నప్పుడే మూత తీశాను. బిస్కెట్లున్నాయేమోనని. చీటీలే ఉన్నాయి, విప్పి చదివాను.”

“తెలిసి ఎందుకు ఊరుకున్నారు?”

ఆయన చూపు అప్పటికే నా మీద లేదు. మనానా కూడా వాదన ఆపేసింది. ఇద్దరూ నా వెనక ఏదో చూస్తున్నారు. తిరిగి చూశాను. ఫ్రీడా గుడిసె మెట్టు వదిలి బయల్దేరింది. చిక్కుడు కర్రల మధ్య దారి వెంట నడుస్తోంది. మూడో అడుగు దగ్గర అలవాటుగా ఆగింది. చేత్తో ముందుకి తడిమింది, కుట్టుమిషను కోసం. ఏమీ తగల్లేదు. ఇంకో అడుగు వేసింది. విల్‌ఫ్రీడ్ పెదవులతో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదిహేడు దాకా నేను కూడా లెక్కపెట్టి, ఇక మానేశాను.